ఆ మూడు తలలూ ఏమయ్యాయి?

1

లేని దళానికి బొమ్మ కట్టవచ్చునా? కడితే అది కళ అవుతుందా, కల్ల అవుతుందా? ఈ ప్రశ్న వినగానే కొందరు మిత్రులకు నవ్వు రావచ్చు. ‘కథల్లో లేని మనుషుల్ని పుట్టిస్తున్నాం, నాటకాల్లో లేని ఊళ్ళు నిలబెడుతున్నాం, బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఈ చాదస్తం దేనికి?’ అని అడగనూ వచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని దానికి సమాధానం మనం అనుకున్నంత తేలికైనది కాదని ఈ మధ్య గుంటూరులో ఒక చిన్న సమావేశం నాకు నేర్పింది.

పదిహేను ఇరవై మందిమి కూర్చున్న ఆ సమావేశానికి ఒక యువకుడు పోస్టరు పట్టుకొచ్చాడు. పగలు ఫ్లెక్సీలు తయారుచేసే షాపులో పని చేస్తాడు. తీరిక దొరికినప్పుడు కవిత్వం రాస్తాడు. పోస్టరులో ఎండబోసిన మిరపకాయల నడుమ ముగ్గురు స్త్రీలు బుర్రకథ చెపుతున్నారు. కథకురాలు తంబురా భుజాన వేసుకొని ఒక అడుగు ముందుకేసింది. అటూ ఇటూ వంతలు గుమ్మెటలు వాయిస్తున్నారు. ముగ్గురికీ పొడుగు అంగీలు, తలపాగాలు, కాళ్ళకు గజ్జెలు. వెనకాల జనం. బొమ్మంతా పాతబడిన ఫోటోలాగా గోధుమరంగు తిరిగి ఉంది. అడుగున ‘కళ్లం దళం, 1946’ అని అక్షరాలు.

చూసినవాళ్ళు కాసేపు మాట్లాడలేదు. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మరొకరు, తాము తెస్తున్న ప్రత్యేక సంచికకు ముఖచిత్రంగా వేద్దామని అప్పటికప్పుడే అన్నారు. ‘ఏ ఊరి దళం ఇది?’ అని ఇంకొకరు అడిగారు. అప్పుడు ఆ యువకుడు తడబడి అసలు సంగతి చెప్పాడు. అలాంటి దళం ఏదీ లేదు. తానే కట్టాడు. పాత పుస్తకంలో అచ్చయిన ఒక మగవాళ్ళ బుర్రకథ దళం ఫోటోలోంచి ఒళ్ళు తీసుకున్నాడు. తమ ఊరి కళ్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళను ఫోనుతో ఫోటోలు తీసి, ఆ తలలు వీటికి అతికించాడు. జనం ఏదో ఎన్నికల సభలోని జనం. మిరపకాయలు మొన్నటి కోతవి.

వెంటనే సభ రెండయింది. ‘ఇది అద్భుతమైన కల్పన’ అన్నవాళ్ళు కొందరు, ‘ఇది మోసం’ అన్నవాళ్ళు కొందరు. నేను అడిగింది ఒక్కటే. ‘బాబూ, ఆ పాత ఫోటోలో ముగ్గురు కళాకారులున్నారు గదా. వాళ్ళ ఒళ్ళు తీసుకున్నావు. ఆ మూడు తలలూ ఏమయ్యాయి?’

‘వాటితో పని లేదు గదా మాస్టారూ, తీసేశాను’ అన్నాడు.

ఆ మాటలో కపటం లేదు. కపటం లేకపోవడమే నన్ను ఆలోచనలో పడవేసింది.

2

అతన్ని తప్పుపట్టే ముందు ఆ పనితనం అతని చేతికి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఈనాడు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరి సెంటర్లో నిలబడినా తప్పక కనిపించే చిత్రకళ ఫ్లెక్సీ. పుట్టినరోజు, పెళ్ళి, సినిమా విడుదల, నాయకుడి రాక, నాయకుడి పోక, అన్నిటికీ అదే. శివరాత్రికి కోటప్పకొండకు కదిలే ప్రభలు కూడా దాన్ని తప్పించుకోలేకపోయాయి. చదువుకున్నవాళ్ళం దాన్ని చూసి ముఖం తిప్పుకుంటాం. అది పొరపాటు. వేర్వేరు ఫోటోల ముక్కల్ని కంప్యూటరు మీద కత్తిరించి ఒకే బొమ్మగా కూర్చే పనిని డిజిటల్ ఫోటోమాంటేజీ అంటున్నారు. ఆ విద్యను మన పల్లెల దాకా తెచ్చింది చిత్రకళాశాలలు కావు, ఫ్లెక్సీ షాపులు. ఫోటోషాపు 1990లో వచ్చింది. 1994లో దానికి పొరల సౌకర్యం చేరింది. అంటే ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క పొర మీద ఉంచి, ఏది ముందు, ఏది వెనక, ఏది కనబడాలి, ఏది దాగాలి అని నిర్ణయించుకోవచ్చు. ఏది కనబడాలి, ఏది దాగాలి అన్నది సాంకేతిక ప్రశ్నలాగా కనిపిస్తుంది. నిజానికి అది రాజకీయ ప్రశ్న.

ఫ్లెక్సీకి ఒక వ్యాకరణం ఉంది. తల సైజే అందులో విభక్తి. అందరికన్నా పెద్ద తల అధినాయకుడిది. తరువాతి సైజు జిల్లా నాయకుడిది. డబ్బు పెట్టినవాడు నిలువెత్తున చేతులు జోడించి ఉంటాడు. అడుగున తపాలా బిళ్ళల్లాగా అనుచరుల తలలు వరసగా ఉంటాయి. తెల్లచొక్కా తొడిగి నమస్కారం పెడుతున్న ఒళ్ళు ఒకటి కంప్యూటరులో సిద్ధంగా ఉంటే చాలు, ఎవరి తల కావలిస్తే వారి తల దాని మీద కూర్చుంటుంది. మెడ దగ్గర కాస్త మసక, చుట్టూ కాస్త వెలుగు, అతుకు మాయం. పెళ్ళిళ్ళకు వచ్చే ఆర్కెస్ట్రాల ఫ్లెక్సీలు చూడండి. గిటారు పట్టుకొని గాలిలోకి ఎగిరే ఆ నీడమనుషుల్లో ఒక్కరూ రాత్రికి వేదిక ఎక్కరు. లేని వాద్యబృందానికి బొమ్మ కట్టడం మనకు కొత్త కాదన్నమాట. వ్యాపారం ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది.

ఇక ఈ ఫ్లెక్సీల్లో లేనివాళ్ళెవరు? పత్తి తీసేవాళ్ళు, మిరపకాయలు కోసేవాళ్ళు, తొడిమలు తీసేవాళ్ళు, టిక్కీలు మోసేవాళ్ళు. కూలి మనిషి తల ఫ్లెక్సీ ఎక్కాలంటే చాలాసార్లు ఆమె చనిపోవాలి. అప్పుడు కూడా ఇంట్లో వేరే ఫోటో ఉండదు కనుక, కార్డు కోసం తీయించిన చిన్న ఫోటోనే పెద్దది చేయించాలి. పండగ అయిపోయాక మాత్రం ఫ్లెక్సీ తనంతట తానే కూలివాళ్ళ దగ్గరికి వస్తుంది, కళ్లంలో పట్టాగా. వాన వచ్చిన రాత్రి నాయకుల ముఖాలు బోర్లాపడి మిరపకాయల్ని కాపాడతాయి. వాటికి ఉన్న నిజమైన ప్రజోపయోగం అదే కాబోలు.

మన యువకుడు చేసిందేమిటి? ఫ్లెక్సీ ఎవరిని వదిలేసిందో వారినే బొమ్మ మధ్యకు తెచ్చాడు. ఆ మేరకు అతని దృక్పథం మెచ్చదగినది. కాని తెచ్చిన పద్ధతి ఫ్లెక్సీదే. సిద్ధంగా ఉన్న ఒంటి మీద కావలసిన తల పెట్టాడు, అక్కర్లేని తల పారేశాడు, అతుకు కనబడకుండా తుడిచాడు. వస్తువు మనది, రూపం వాళ్ళది. రూపం ఖాళీ గిన్నె కాదు, ఏది పోస్తే అది పట్టుకొని ఊరుకోవడానికి. పుట్టిన చోటి అలవాట్లు దాని వెంట వస్తాయి. అభ్యుదయ కవిత్వం తొలినాళ్ళ నుంచీ మనం చర్చించుకుంటున్న సంగతే ఇది. బొమ్మల విషయంలో మాత్రం దాన్ని మరచిపోతున్నాం.

3

కత్తెరకూ జిగురుకూ ఇంకొక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బెర్లిన్‌లో కొందరు కళాకారులు పత్రికల్లో వచ్చిన ఫోటోల్నే కత్తిరించి ఆ పత్రికల మీదికే తిప్పికొట్టారు. హన్నా హోఖ్ 1919లో వంటింటి కత్తి పేరు పెట్టి చేసిన పెద్ద మాంటేజీ అలాంటిది. జాన్ హార్ట్‌ఫీల్డ్ అసలు పేరు హెల్ముట్ హెర్జ్‌ఫెల్డ్. యుద్ధకాలంలో జర్మనీలో రగిలించిన ఇంగ్లీషు ద్వేషానికి నిరసనగా 1916లో తన పేరునే ఇంగ్లీషు చేసుకున్న మనిషి. కార్మికుల సచిత్ర వారపత్రికలో 1932లో అతడు వేసిన ఒక బొమ్మ ప్రపంచ ప్రసిద్ధం. ఉపన్యసిస్తున్న హిట్లరు ఒంటికి ఎక్స్‌రే బొమ్మ జోడించి, వెన్నెముక ఉండవలసిన చోట బంగారు నాణేలు దొంతరగా పేర్చాడు. ఆ గొంతు ఎవరి డబ్బుతో మోగుతున్నదో వేరే వ్యాసం రాయనక్కరలేకపోయింది. మరుసటి సంవత్సరం అతడు దేశం విడిచి పారిపోవలసివచ్చింది.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. హార్ట్‌ఫీల్డ్ కూడా అతుకుల్ని శ్రద్ధగా తుడిపించాడు గదా, ఫ్లెక్సీకీ అతనికీ తేడా ఏమిటి? తేడా ఉంది. అతుకు అంటే కత్తెర గీత మాత్రమే కాదు. ‘ఇది కెమెరా చూసినది కాదు, ఒక మనిషి ఆలోచించి కూర్చినది’ అని చూసేవాడికి తెలిసిపోయే చోటే అతుకు. నాణేల వెన్నెముక ఏ మనిషికీ ఉండదు. బొమ్మ ఎంత నున్నగా ఉన్నా అక్కడ చూపు తట్టుకుంటుంది. తట్టుకున్న చోట ఆలోచన మొదలవుతుంది. మన కాలంలో వివాన్ సుందరం 2001, 2002 సంవత్సరాల్లో అమృతా షేర్‌గిల్ కుటుంబపు పాత ఫోటోలతో కంప్యూటరు మీద చేసిన మాంటేజీలూ అంతే. వేర్వేరు కాలాల మనుషులు, ఒకే మనిషి వేర్వేరు వయసులు, ఒకే గదిలో ఎదురుపడతారు. ముక్కలు కలిసిన చోటు కంటికి కనిపించదు. కాని కాలం అతుకు బుద్ధికి కనిపిస్తూనే ఉంటుంది.

రచయితలకు దగ్గరి ఉదాహరణ రోడ్చెంకోది. 1923లో మయకోవ్‌స్కీ కావ్యం ఒకదానికి అతడు ఫోటోమాంటేజీలు చేశాడు. కవి సొంత ఫోటోలే ముక్కలుగా అందులో ఉన్నాయి. కవిత్వంలో ఒక ప్రతీక నుంచి ఇంకొక ప్రతీకకు దూకినట్టే బొమ్మ కూడా దూకింది. ఒకరు రాసినదానికి మరొకరు అలంకారం చేయడం కాదది. ఇద్దరూ ఒకే పని రెండు పనిముట్లతో చేశారు.

అదే దేశంలో అదే కత్తెర తరువాత ఏం చేసిందో కూడా మనమే చెప్పుకోవాలి. పరాయివాళ్ళు చెప్పేదాకా ఆగడం నిబద్ధత కాదు. 1920లో లెనిన్ వేదిక మీద ఉపన్యసిస్తున్న ఫోటోలో మెట్ల మీద నిలబడిన ట్రాట్‌స్కీ, కామెనెవ్ తరువాతి అచ్చుల్లో లేరు. మాస్కో ఓల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడిచిన యెజోవ్ స్థానంలో తరువాత నీళ్ళు కనిపించాయి. విప్లవం కోసం వందల మాంటేజీలు కట్టిన గుస్తావ్ క్లూట్సిస్‌నే 1938లో కాల్చిచంపారు. ఆ మార్చిన ఫోటోల్లోనూ అతుకు కనబడదు. కనబడకూడదనే వాటిని చేశారు. ‘వాటితో పని లేదు గదా, తీసేశాను’ అన్న మాటను మన యువకుడు అమాయకంగా అన్నాడు. అధికారం అదే మాటను తెలిసి అంటుంది. రెంటికీ నడుమ దూరం చాలా ఉంది. కాని చేతి అలవాటు ఒకటే. అందుకే దాన్ని మొగ్గలోనే ప్రశ్నించాలంటున్నాను.

4

లేని వాద్యబృందానికి కట్టిన బొమ్మల్లో లోకమంతా ఎరిగినది ఒకటుంది. 1967లో బీటిల్స్ అనే ఇంగ్లండు గాయకులు నలుగురు, సార్జెంట్ పెప్పర్ అనే ఊహా నాయకుడి వాద్యబృందంగా తమను తాము ఊహించుకొని ఒక రికార్డు తెచ్చారు. దాని అట్ట మీది బొమ్మను పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు కట్టారు. అప్పటికి కంప్యూటరు లేదు. మనుషుల ఫోటోల్ని నిలువెత్తుగా పెద్దవి చేసి, అట్టకు అంటించి, కోసి, వరసల్లో నిలబెట్టారు. మన సినిమా హాళ్ళ ముందు కటౌట్లు నిలబెట్టినట్టే. వాటి ముందు నలుగురు గాయకులూ రంగురంగుల బ్యాండు దుస్తుల్లో నిలబడ్డారు. పక్కనే వాళ్ళ పాత రూపాల మైనపు బొమ్మలు. నిజమైనవాళ్ళు ఊహా వేషంలో ఉంటే, వాళ్ళ పాత రూపాలు మైనంలో నిలబడి చూస్తున్నాయి. ఏది అసలు, ఏది కూర్పు అన్న ప్రశ్నే ఆ బొమ్మకు వస్తువు. ఎవరూ దాన్ని ఒక బృందం గ్రూపు ఫోటో అనుకోలేదు.

అందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఆ గుంపులో గాంధీ బొమ్మ కూడా మొదట ఉంది. భారతదేశంలో అమ్మకాలు దెబ్బతింటాయని రికార్డు కంపెనీ పెద్దలు భయపడి తీసేయించారు. మార్క్స్ మాత్రం ఉండిపోయాడు. ఆయన వల్ల అమ్మకాలకు ముప్పు లేదనుకున్నారు కాబోలు! ఎంత స్వేచ్ఛగా కనిపించే కల్పనలోనైనా, ఎవరి తల ఉండాలో, ఎవరిది పోవాలో చివరి మాట చెప్పే చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదని అడగడం విమర్శకుడి పని.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కథకు లేని అభ్యంతరం ఫోటోకు దేనికి? గోర్కీ 1928 నాటి వ్యాసంలో ఒక సంగతి వివరించాడు. ఒక దుకాణదారుణ్ణి చిత్రించాలంటే రచయిత ఇరవైమందినో, యాభైమందినో, వందమందినో పరిశీలించి, వాళ్ళ ముఖ్య లక్షణాల్ని ఏరి ఒక్క మనిషిలో కూర్చాలన్నది ఆయన భావం. పాత్రచిత్రణ కూడా మాంటేజీయే అన్నమాట. నవలలో ఆ అతుకులు కనిపిస్తే శిల్పలోపం అంటాం. నిజమే. కాని నవల ముఖపత్రం మీద ‘నవల’ అని ముందే అచ్చువేసి ఉంటుంది. ఇది కల్పన అన్న ఒప్పందం మీదనే పాఠకుడు పుట తిప్పుతాడు.

ఫోటో స్వభావం వేరు. కెమెరా ముందు ఏదో ఒకటి ఉండి తీరితేనే ఫోటో పడుతుంది. అందుకే అది కోర్టులో సాక్ష్యంగా, పత్రికలో వార్తగా, కార్డు మీద మనిషికి రుజువుగా చెల్లుతుంది. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫోటోలు ‘పీపుల్స్ వార్’ పత్రికలో చూసినవాళ్ళు కదిలిపోయింది వాటి కూర్పును చూసి కాదు. ఆ మనిషి అక్కడ నిలబడి చూశాడన్న నమ్మకంతో. ఫోటో ముక్కలతో కల్పన చేసేవాడు ఆ నమ్మకాన్ని అరువు తెచ్చుకుంటున్నాడు. అరువు తెచ్చుకున్న సంగతి చెప్పాలి. నవలకు ముఖపత్రం ఉన్నట్టు మాంటేజీకి వేరే ముఖపత్రం లేదు. అతుకే దాని ముఖపత్రం.

ఈ కొలతతో చూస్తే మన పోస్టరులోని దోషం దళం లేకపోవడం కాదు. ‘1946’ అన్న నాలుగంకెలూ, గోధుమరంగూ దోషం. ఆ రెండూ కళ కోసం వచ్చినవి కావు, నమ్మించడానికి వచ్చినవి. పైగా ఆ రంగు ఇంకొక హాని చేసింది. ఎర్రటి కాయను మట్టిరంగు చేసింది. నిన్నటి కూలిని ఎనభై ఏళ్ళ నాటి కూలిగా మార్చింది. పేదరికం పాత ఫోటోలా కనిపిస్తే చూసేవాడికి బాధ కలుగుతుంది గాని బాధ్యత కలగదు.

5

ఆ నాలుగంకెల వల్ల ఇంకొక అన్యాయం జరిగింది. అది చరిత్రకు సంబంధించినది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరికీ తీసుకుపోయింది. ఆ ప్రదర్శనల మీద ప్రభుత్వం నిషేధం పెట్టిన రోజులున్నాయి. ఆడవాళ్ళు తంబురా పట్టి వేదిక ఎక్కడమే సాహసమైన ఆ కాలంలో మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళాన్ని నడిపింది. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడుతూ సభలు తిరిగింది. అంటే 1940లలో ఆడవాళ్ళ దళం కోసం ఊహించుకోవలసిన అవసరమే లేదు. ఉన్నదాన్ని తెలుసుకోకుండా లేనిదాన్ని అదే తేదీకి ఊహిస్తే, ఉన్నది మరుగునపడుతుంది. కల్పన చరిత్రకు ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ నిలబడాలి. చరిత్ర నిలబడిన చోట దాన్ని నెట్టి నిలబడకూడదు.

మరి ఖాళీ ఎక్కడుంది? ఈనాటి కళ్లంలో ఉంది. అక్కడ పక్కపక్కన కూర్చొని తాలుకాయలు ఏరేవాళ్ళలో ఊరివాళ్ళున్నారు, పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చేవాళ్ళున్నారు, కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళున్నారు. కోతలు అయిపోతే ఎవరి దారి వారిది. ఒకే ఘాటుకు తుమ్మినవాళ్ళు ఒకే దళంగా ఎన్నడూ నిలబడలేదు. ఆ లేని దళాన్ని కట్టి చూపించడమే కల్పన చేయగలిగిన పని. దానికి 1946 అక్కరలేదు.

దానికి కావలసిన రూపం కూడా జర్మనీ నుంచి తెచ్చుకోనక్కరలేదు. బుర్రకథే ఒక మాంటేజీ. కథకుడు పల్నాటి వీరుల్ని నడిపిస్తుంటాడు. ఒక పక్క వంత హఠాత్తుగా ఈనాటి రాజకీయం ఎత్తుకుంటాడు, ఇంకొక పక్క వంత హాస్యమాడతాడు. పన్నెండో శతాబ్దం మీద పక్కవీధి రేషను షాపు వచ్చి పడుతుంది. ఆ అతుకును ఎవరూ దాచరు, అక్కడే గుమ్మెట గట్టిగా మోగుతుంది. జనం నవ్వేదీ, ఆలోచించేదీ అక్కడే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ విద్యలో అందరికన్నా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. పత్తి ఏకే శ్రామికుడి పేరును మన సమాజం తిట్టుగా వాడుకుంది. ఆ తిట్టే పుస్తకానికి పేరయింది. అతుకు దాచుకోకపోవడమంటే అదీ.

6

ఆ రోజు ఈ మాటలన్నీ నేను చెప్పలేదు. కొన్ని చెప్పాను, కొన్ని అతనే చెప్పాడు. నెల తిరగక ముందే ఆ యువకుడు కొత్త పోస్టరు తెచ్చాడు.

ఇందులో పాత దళం ఫోటో చెక్కుచెదరకుండా ఉంది. ముగ్గురు కళాకారులూ తమ తలలతోనే, అచ్చు చుక్కలతో సహా, వెనక తెరలాగా వేలాడుతున్నారు. వాళ్ళ ముందు ముగ్గురు స్త్రీలు తమ ఒళ్ళతోనే నిలబడ్డారు. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు చుట్టిన తువ్వాలు. పత్తి తీతకూ మిరపకోతకూ వెళ్ళే ఆడవాళ్ళ రోజువారీ వేషమే అది. చూడగానే అంగీ, తలపాగా గుర్తుకొస్తాయి. మొదటిసారి అతడు మగవాళ్ళ ఒంటి మీది నుంచి ఒలిచి తెచ్చిన దుస్తులు ఆ స్త్రీలకు ముందే ఉన్నాయన్నమాట! నడుమ ఆమె చేతిలో తంబురాకు బదులు దూదేకే విల్లు ఉంది. వేదికకు బదులు మిరప టిక్కీలు పరిచి ఉన్నాయి. ఒకామె ముఖం మాత్రం కార్డు ఫోటో. ఆమె కోతలు ముగించుకొని వెళ్ళిపోయిందట, ఫోనులో అడిగితే తన దగ్గరున్నది అదే పంపిందట. ఆ ఫోటో చుట్టూ ఉన్న నలుచదరపు నీలం అంచును అతడు కోసేయలేదు. కాయలు ఫోను తీసిన ఎరుపులోనే ఉన్నాయి. ఒక్కొక్క ముక్కా తన పుట్టుక తాను చెప్పుకుంటుంది. అడుగున ‘కళ్లం దళం’ అనీ, దాని కింద ‘ఇలాంటి దళం ఇంకా లేదు’ అనీ రాశాడు.

లోపాలు లేకపోలేదు. వెనక జనం ఇంకా ఆ ఎన్నికల సభ జనమే. వాళ్ళ చూపు ఈ స్త్రీల మీద లేదు, ఎవరో నాయకుడు రావలసిన దారి మీద ఉంది. ఉద్దేశించి చేసి ఉంటే గొప్ప వ్యంగ్యం అయ్యేది. అడిగితే వేరే జనం దొరకలేదన్నాడు. అక్షరాలు సినిమా పేర్ల అక్షరాల్లా మెరుస్తున్నాయి. ఫ్లెక్సీ షాపు చెయ్యి అక్కడ వదల్లేదు. విల్లు పట్టిన తీరు చూస్తే ఆ పని ఎరిగినవాళ్ళు నవ్వుతారు. అయినా ఈ బొమ్మ మొదటిదానికన్నా ఎన్నో రెట్లు పై మెట్టు మీద ఉంది. మొదటిది చూసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకొని ఊరుకున్నారు. దీన్ని చూసినవాళ్ళు, ‘ఎందుకు లేదు?’ అని అడుగుతున్నారు.

ఈ చర్చ ఒక యువకుడితో తెగేది కాదు. ఇప్పుడు ఒక వాక్యం టైపు చేస్తే చాలు, ఏ కాలం నాటి ఏ దళం ఫోటోనైనా కృత్రిమ మేధ క్షణాల్లో తయారుచేసి ఇస్తుంది. అందులో ఎవరి తలలు కరిగి కలిశాయో చేయించుకున్నవాడికే తెలియదు. మన యువకుణ్ణి అడిగితే కనీసం ‘తీసేశాను’ అని చెప్పగలిగాడు. ఆ యంత్రానికి ఆ జవాబు కూడా లేదు. అలాంటి బొమ్మలు సంచికల ముఖచిత్రాలుగా, సభల ఆహ్వానాలుగా మన మధ్యకూ వస్తాయి. కనుక మన పత్రికలు ఒక నియమం పెట్టుకోవడం అవసరం. కూర్చిన బొమ్మ పక్కన అది కూర్చినదని రాయాలి. ఏ ముక్క ఎక్కడిదో రాయాలి. అందులో ఉన్న మనుషులకు చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే వేయాలి. కవిత కింద కవి పేరు వేయడానికి చూపే శ్రద్ధలో సగం చూపినా చాలు.

ఆ యువకుడు రెండో బొమ్మను కళ్లానికి తీసుకుపోయి చూపించాడట. విల్లు పట్టుకున్నామె చాలాసేపు చూసి, ‘బాగానే ఉంది గాని, ఇంతకీ నేనేం పాడుతున్నానబ్బాయ్?’ అని అడిగిందట. అతని దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పవలసింది బొమ్మ కట్టినవాడు కాదు. కిలోకింత అని కాటా దగ్గర తెగే కూలి, సుగ్గి గుడిసెలో పెరిగే పిల్లల బడి, 1987, 88లో తెల్లదోమ కొట్టిన పత్తి చేలల్లో ఉసురు తీసుకున్న రైతుల కుటుంబాలు, ఇవన్నీ ఒక కథకురాలూ ఇద్దరు వంతలూ చెప్పదగిన వస్తువులే. బొమ్మలో దళం నిలబడి ఉంది. వాళ్ళ చేతికి ఇవ్వడానికి మన దగ్గర కథ రాసి ఉందా?